ఇంకో చుట్టు తిరిగొచ్చిన విమానం

మొన్న మద్రాసులో దిగబోతున్న మా విమానం, చక్రాలు నేలకు తగిలే ముందు హోరుమంటూ మళ్ళీ పైకి లేచింది. పక్క సీటాయన కళ్ళు మూసుకుని ఏడుకొండలవాణ్ణి పిలవసాగాడు. నాకు మాత్రం మా పెద్దమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు గానీ, దిగే విమానానికి మార్కులు వెయ్యడంలో మా ఊళ్ళో ఆవిడ తర్వాతే ఎవరైనా.

అరవైల్లో అల్లూరు పక్కన మా పల్లెల్లో వరికి పురుగు పడితే, మందు చల్లడానికి ఒక చిన్న విమానం వచ్చింది. ఊరికి తూర్పున గట్టిపడిన చవిటినేలను చదును చేసి అక్కడే దిగే ఏర్పాటు చేశారు. పనులు మానుకుని ఊరంతా కాలవగట్టు మీద చేరేది. లేవడం ఎవరికీ పట్టేది కాదు, దిగడమే ముచ్చట. ఆ నేలకు ఈ కొసన ఒంటి తాటిచెట్టు, ఆ కొసన పొట్టకొచ్చిన మా పెద్దమ్మ చేను. మరీ కిందుగా వస్తే తాటిమట్టలు తగులుతాయి, మరీ ఎత్తున వస్తే విమానం చేలోకి దూసుకుపోతుంది. రెక్కలు తొణక్కుండా, ఇంజను గొంతు తగ్గించుకుంటూ, మట్టల్ని పలకరించినట్టు దాటి వస్తే పెద్దమ్మ వక్కాకు నములుతూ "దించినాడు చూడు, పాలకుండ దించినట్టు" అనేది. అదే ఫస్టు మార్కు. దర్జీ సాయిబు మామకేమో నేల దద్దరిల్లేటట్టు దిగితేనే మొనగాడు. ఇద్దరికీ రోజూ వాదనే. తన మీద ఇంత రచ్చ జరుగుతోందని పైలట్‌కు మాత్రం తెలియదు.

ఒక మధ్యాహ్నం సముద్రపు గాలి అడ్డం తిరిగింది. విమానం తాటితలకు చాలా ఎత్తున, ఒక రెక్క వాల్చుకుని వచ్చింది. నేలదాకా వచ్చి, దిగకుండానే లేచిపోయింది. రెండోసారీ అంతే. గట్టు మీద ఈలలు, నవ్వులు.

"పిరికోడమ్మా వీడు!" అన్నాడు సాయిబు మామ.

పెద్దమ్మ దిగ్గున లేచింది. చేను కోసం కంగారు అనుకున్నాం.

"ఏం మాటలయ్యా అవి! చేను పోతే ఇంకో కారుకు పండతాది. ఆ పొద్దు మీ అన్న వాగు చూసి బండి తిప్పుకోనుంటే నేనిట్టుంటానా?"

మా పెదనాన్న, వెనక్కి తిరిగితే ఒడ్డున జనం నవ్వుతారని పొంగిన వాగులోకి బండి తోలినవాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ మాట ఆవిడ నోట వినడం నాకదే మొదలు.

మూడోసారి విమానం మట్టల మీదుగా కుదురుగా వచ్చి మెత్తగా దిగింది. పెద్దమ్మ మజ్జిగ ముంత పట్టుకుని ఎండలో పైలట్ దగ్గరికి నడిచింది. ఉత్తరాది కుర్రాడు, తెలుగు ముక్క రాదు. అతనికి మెటికలు విరిచి, "నవ్వేవాళ్ళు నవ్వుతారు, మళ్ళీ తిరగను సిగ్గుపడబాక నాయనా" అంది. అర్థం కాకపోయినా వంగి దణ్ణం పెట్టి తాగాడు. రెండో ముంత తెచ్చిచ్చింది సాయిబు మామే. ఆ ముగ్గురిలో ఎవరు గొప్పో నాకిప్పటికీ తేలలేదు.

మొన్న మా విమానం కూడా ఇంకో చుట్టు తిరిగి పాలకుండలాగే దిగింది. పక్క సీటాయన కళ్ళు తెరిచాడు. కాలానికి అలాంటి ఇంకో చుట్టు లేదు గానీ, ఉండి ఉంటే ముందుగా పెదనాన్న బండి దగ్గరికి, ఆ వాగు ఒడ్డుకే పొమ్మనేదాన్ని.