ఇసుకబండిలో డాక్టరుగారి చోటు

1963 ఎండాకాలంలో ఆరోగ్యశాఖ వర్క్‌షాపు నుంచి నన్ను మోటారు మెకానిక్‌గా లక్సెట్టిపేట టీకాల దళానికి డెప్యుటేషన్ మీద పంపారు. గోదావరి అవతలి ఊళ్లో మశూచి బయటపడింది. అప్పటి టీకామందు మంచుపెట్టెలోనే నిలిచేది; మంచు కరిగితే మందు నీళ్లతో సమానం. ఎండాకాలపు నదిలో నీటికంటే ఇసుకే ఎక్కువ. ఎడ్లబండి దాటేసరికి మంచు మిగలదు. దళం వ్యాను ఇరుసుదాకా దిగబడేది.

మిలిటరీ వేలంలో వచ్చిన పాత కారొకటి షెడ్డులో పడి ఉంది. పై అధికారి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, ప్రార్థన చేసుకుని, పని మొదలుపెట్టాను. పైకప్పు, తలుపులు, మడ్‌గార్డులు, వెనక సీటు ఊడదీశాను. ఇంజను, చాసిస్, ముందు సీటు, ముందు బంపరు మిగిలాయి. వెనక ఇరుసు మీద ఎత్తుగా ఒక చెక్క బిగించాను. టైర్లు ఇసుకను కోయకుండా పరుచుకునేలా సగం గాలి తీశాను. ఇలాంటి వాటిని ఇప్పుడు బగ్గీలంటున్నారు. మా కాంపౌండరు మల్లయ్య మాత్రం చూడగానే, "మేస్త్రీ, గిది బండా, బొక్కలగూడా?" అన్నాడు; బొక్కలంటే అక్కడి మాటలో ఎముకలు.

నేనే నడిపాను. రేవు దిగిన కాసేపటికే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగసాగాయి. బండిని తోసేవి అవే. వాటి మీద బరువే లేదు. మా దళం డాక్టరుగారు హోదా ప్రకారం నా పక్కన ముందు సీట్లో ఉన్నారు. మంచుపెట్టె ఆయన కాళ్ల దగ్గర ఉంది. మల్లయ్య ముందు బంపరు మీద నిలబడ్డాడు. అతన్ని వెనక చెక్క ఎక్కమన్నాను.

"సారు నెత్తికంటె మీద నేను కూసుండాల్నా? నా నౌకరీ ఉండాల్నా, పోవాల్నా?"

పెట్టెలోంచి నీళ్లు కారడం మొదలైంది. డాక్టరుగారిని వెనక్కి వెళ్లమనడానికి నాకూ నోరు రాలేదు. చివరికి బైబిలు లేఖనాన్ని ఆసరా చేసుకున్నాను: విందులో కడపటి చోట కూర్చున్నవాడినే పైచోటికి పిలుస్తారని మా సంఘంలో చదువుకుంటామని చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి చెక్కను చూసి పకపకా నవ్వారు.

"గీ బండిల కడపటిదే పైది గదనయ్యా!" అంటూ పెట్టెతో సహా ఎక్కేశారు. మల్లయ్య కూడా వెనక్కి వచ్చి ఆయన కాళ్ల దగ్గర చాసిస్ మీద కూలబడ్డాడు. "జర గట్టిగ వట్టుకోండ్రి సారూ, మేస్త్రీని నమ్మొద్దు."

చక్రాలు ఇసుకను పట్టాయి. అవతలి ఒడ్డున పెట్టె తెరిస్తే మందు చుట్టూ ఇంకా మంచుంది. ఆ పూటే టీకాలు మొదలయ్యాయి.

తేలిక బండికి బరువు తగ్గించడం సగం పనే. మిగిలిన బరువు తోసే చక్రాల మీద పడాలి. ఆ తర్వాత నేను కట్టిన ప్రతి ఇసుకబండిలోనూ ముందు డ్రైవరు సీటు ఒక్కటే ఉంచాను. ఎంత పెద్ద అధికారి వచ్చినా కూర్చునేది వెనకే.