కోత తొమ్మిదిన్నర, భోజనం పన్నెండు ముప్పావు

మృగశిర కార్తె మొదటి రోజు, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటల ముప్పై రెండు నిమిషాలకు నా పతనం మొదలైంది. అప్పటికి మా ఇంట్లో చేపల పులుసు ఇంకా పొయ్యి మీదికి ఎక్కలేదు. సరిగ్గా డెబ్బై ఏడు రోజుల తర్వాత, మరో ఆదివారం మధ్యాహ్నం, మంజీర ఒడ్డున ఏడుపాయల బండల మీద ఆ పతనం పూర్తయింది. పడింది నేనొక్కదాన్నే అయితే ఇంత బాధ ఉండేది కాదు. పడుతూ పడుతూ పక్కనున్న రాజమణిని కూడా పట్టుకొని లాగాను.

ఇది జరిగి రెండేళ్లు కావస్తోంది. అప్పుడు నా వయసు అరవై ఎనిమిదేళ్ల ఏడు నెలలు. అంటే మంచి పడుచుదనం. బుద్ధి ఇంకా రాలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. మెదక్ మండలాఫీసులో ఇరవై తొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. చేసిన పనులన్నింటిలో నాకు ప్రాణమైనది ఒక్కటే. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఆవరణలోని వర్షమాపకం దగ్గరికి వెళ్లి, వాన ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి రిజిస్టరులో రాయడం. పెళ్లిళ్లున్నా, జ్వరమున్నా ఎనిమిదిన్నర దాటనివ్వలేదు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆ పనిని యంత్రానికి అప్పగించారు. నేను మాత్రం మానలేదు. మేడ మీద సొంత వర్షమాపకం పెట్టుకొని పదేళ్లు నోటుబుక్కులో రాస్తూ వచ్చాను. ఆ పదేళ్లలో ఆ లెక్క ఎంతని అడిగినవాడు లేడు.

ఆ ఆదివారం మా కోడలు స్వప్న మేడ మీద బట్టలు ఆరేస్తూ నా పుస్తకంలోకి తొంగి చూసింది.

"అత్తమ్మా, గిదంత రాసి ఎవలకు చూపిస్తవు?"

"ఎవలకు లేదు."

"స్టేటస్ల పెట్టు. నీ ఫోన్ల ఉన్నోళ్లంత చూస్తరు. ఒక్క దినం ఉంటది, తెల్లారి అదే పోతది. చిన్నగ రాయాలె, గంతే."

ఎక్కడ నొక్కాలో చూపించింది. నేను రాశాను: "మెదక్. ఉదయం 8:30. వాన 14.2 మి.మీ." నొక్కేసరికి రెండు నిమిషాలు పట్టింది.

సాయంత్రానికి పదకొండు మంది చూశారు. ఎవరు చూశారో పేరుతో సహా, ఎన్ని గంటలకు చూశారో నిమిషంతో సహా ఫోను చెబుతుందని అప్పుడు తెలిసింది. మీరే ఆలోచించండి. ఇరవై తొమ్మిదేళ్లు నా రిజిస్టరు కింద సంతకాలు పెట్టిన అధికారులు పైన అంకె చూశారో లేదో నాకు తెలియదు. ఇక్కడ పదకొండు మంది చూసినట్టు రుజువుంది. ఆ రోజు పులుసులో ముల్లు గొంతుకు అడ్డం పడినా నేను గమనించి ఉండేదాన్ని కాదు.

ఇక ఆగలేదు. "నల్లా 6:12కు వచ్చింది, 6:47 దాకా ఉంటుంది." "మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు కరెంటు లేదు. పిండి పట్టించేవాళ్లు ఇప్పుడే వెళ్లండి." "ఏడుపాయల బస్సు ఏడు నిమిషాలు ఆలస్యం." నవ్వకండి, ఇవి నిజంగా పనికొచ్చాయి. మా వీధిలో బిందెలతో అరగంట ముందే వచ్చి నిలబడటం పోయింది. శివ్వంపేట రైతు మల్లయ్య, ఆఫీసు రోజుల నుంచి తెలిసినవాడు, ఒకరోజు ఫోను చేశాడు.

"మేడం, రేపు పత్తికి మందు కొట్టొచ్చునా?"

"కొట్టకు. పొద్దుగూకంగ వాన పడతది."

పడింది. అతని మందు దక్కింది. ఆ మాట ఊరంతా చెప్పాడు. శ్రావణం సగం గడిచేసరికి నా స్టేటస్ చూసేవాళ్లు రెండు వందల పన్నెండు మంది. నాకు తల తిరగడానికి అంతమంది చాలు.

అందులోనూ నాకొక గర్వం. నా అంత చిన్నగా ఎవరూ రాయలేరని. బియ్యంలో రాళ్లు ఏరినట్టు మాటలు ఏరి పారేసేదాన్ని. ఏరగా ఏరగా బియ్యం కూడా పోతాయని నాకప్పుడు తోచలేదు.

ఇప్పుడు రాజమణి దగ్గరికి వస్తాను. మా ఇంటికి నాలుగిళ్ల అవతల, నలభై ఆరు అడుగుల దూరం. నాకన్నా పన్నెండేళ్లు చిన్నది. ఇరవై ఆరేళ్లుగా సాయంత్రం నాలుగింటికి ఇద్దరం కలిసే చాయ తాగేవాళ్లం. ఆ యేడు ఆమె బిడ్డను శంకరంపేటకు ఇచ్చి పెళ్లి చేసింది. పెళ్లికి వారం ముందు భర్త నర్సింలు బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతను మంచం మీద, రాజమణి దవాఖానకూ మండపానికీ మధ్య. దగ్గరుండి వడ్డించేవాళ్లు లేక వియ్యంకుల బంతికి ఏమీ సరిగా అందలేదు. అతను మళ్లీ నడిస్తే ఏడుపాయల దుర్గమ్మకు మేకపోతును ఇస్తానని రాజమణి మొక్కుకుంది. శ్రావణంలో నర్సింలు కర్ర పక్కన పెట్టి నడిచాడు.

"అక్కా, మా వియ్యపురాలు గా పెండ్లి బంతి ముచ్చట ఇప్పటికి తీస్తది," అంది రాజమణి చాయ పోస్తూ. "బిడ్డ అక్కడ వినలేక సస్తుంది. గీ మొక్కుకు వాళ్లను ముందు కూసోబెట్టి కడుపు నిండ పెట్టాలె. గంతే నా కోరిక."

"ఎందరు?"

"వియ్యంకులు ఏడుగురు. మనోళ్లతోని కలిపి ఇరవై ఎనిమిది."

"పోతు పద్నాలుగు కిలోలు పడితే మనిషికి అర్ధ కిలో. మిగుల్తది గూడ," అన్నాను. లెక్క తప్పు లేదు. ఇప్పటికీ తప్పు లేదు.

రోజు కూడా నేనే చూశాను. శ్రావణమంతా మా మెదక్‌లో చాలామంది మాంసం ముట్టరు. శ్రావణం పోగానే నాలుగు రోజులకు గణపతి కూర్చుంటాడు, మళ్లీ బంద్. ఆ రెంటి మధ్య ఒకే ఒక్క ఆదివారం వచ్చింది. ఊరు ఊరంతా నెల రోజులుగా ముక్క కోసం నాలుక చప్పరిస్తున్న ఆదివారమని నాకు గుర్తు రాలేదు. తిథి చూసినదాన్ని ఆకలి చూడలేదు.

రాజమణి తొమ్మిదిళ్లకు వెళ్లి బొట్టు పెట్టి పిలిచింది. శనివారం వాళ్లంతా ఫోన్లు మొదలుపెట్టారు. ఏ బండల దగ్గర, ఎన్నింటికి, వాన వస్తదా. ఒక చేత్తో అల్లం దంచుతూ, ఒక చేత్తో ఫోను పట్టుకొని ఆమె పరేషాన్ అవుతుంటే నేనన్నాను:

"నువ్వు మసాలా చూసుకో. నేను ఒక్కసారే స్టేటస్ల పెడత. తొమ్మిదిండ్లోళ్లు చూస్కుంటరు."

"నీకెందుకక్కా శ్రమ?"

"శ్రమేంది, పద్నాలుగు మాటలు."

నిజానికి మొదట పదిహేడు రాశాను. మొదటి మూడు మాటలు "బొట్టు పెట్టి పిలిచినవాళ్లకు." తర్వాత ఆలోచించాను. బొట్టు పెట్టి పిలవని దావతుకు ఎవరైనా వెళతారా? మా కాలంలో ఎదురింటివాళ్లు కూడా వెళ్లరు. తెలిసిన మాట రాయడం దండగని ఆ మూడూ కొట్టేశాను. మిగిలింది ఇది:

"రాజమణి మొక్కు. రేపు ఏడుపాయల. వంతెన దాటాక ఎడమ బండలు. కోత 9:30. భోజనం 12:45. వాన రాదు."

సాయంత్రానికి రెండు వందల పన్నెండు మందీ చూశారు. ఒక్కరు తగ్గకుండా చూడటం అదే మొదలు. నేను మురిసిపోయాను.

ఆదివారం పదిన్నరకు పోతును కోయడం అయిపోయి, వంట మహబూబ్ డేగిసా పొయ్యి మీద పెట్టాడు. పది నలభైకి మా వీధి చివరి సత్తయ్య, ఒకప్పటి బస్సు కండక్టరు, భార్యతో, ఇద్దరు మనవలతో బండల మీదికి ఎక్కి వచ్చాడు.

"మేడం, వాన రాదన్నరు గద. పిల్లలను గూడ తోల్కొచ్చినం."

"మంచిగ చేసిండ్రు," అన్నాను. అవును, నేనే అన్నాను. నా అంచనా నమ్మి పిల్లల్ని తెచ్చాడని సంతోషం.

పదకొండుంబావుకు నలభై ఏడు మంది. పన్నెండుకు తొంభై మూడు. శివ్వంపేట మల్లయ్య ట్రాలీ ఆటోలో తల్లితో, తమ్ముళ్లతో పదమూడు మందిని దింపాడు.

"మీరు చెప్పిన వాన తప్పలే మేడం. మీరు చెప్పిన భోజనం తప్పుతదా?"

మహబూబ్ గరిట పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నాకు ముప్పై మందికన్నరు. గీడ జాతర లెక్క ఉంది."

"షోర్వాల జర నీళ్లు పొయ్యి."

"రెండుసార్లు పోసిన. ఇంక పోస్తె మంజీరల రెండు ముక్కలు ఏసినట్టె ఉంటది."

రాజమణి జనాన్ని చూస్తూ నిలబడిపోయింది. "అక్కా, గీ మందంత ఎవలు?"

"నా స్టేటస్ చూసెటోళ్లు," అన్నాను. "నేను పోయి చెప్త, లేవుమంట."

"వద్దు. బంతిల కూసున్నోళ్లను లేపి పంపుడు మా ఇంట్ల లేదు." ఆమె పెద్ద ముక్కలన్నీ ఏరి ఒక గిన్నెలో పెట్టి, మూత వేసి నా చేతికిచ్చింది. "గిది వియ్యంకులకు. ఎవలడిగినా ఇయ్యకు. నీ మీద నాకు భరోసా."

గిన్నె ఒళ్లో పెట్టుకొని ఒక బండ మీద కూర్చున్నాను. నన్ను చూసి ఒకామె విస్తరితో వచ్చింది.

"మేడం, మీ స్టేటస్ చూడందె మేం బట్టలు ఉతకం. నా విస్తర్ల షోర్వానే వచ్చింది."

రెండు ముక్కలు వేశాను. రెండే కదా. వెనకాల మల్లయ్య తల్లి. "నీ మాటతోని మా పత్తి బతికింది బిడ్డా." మూడు ముక్కలు. సత్తయ్య మనవలకు రెండేసి. ఒక్కొక్కరూ నా స్టేటస్ గురించి ఒక మంచి మాట చెప్పారు, నేను ఒక్కొక్క మాటకు మూత తీశాను. వద్దనడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే వద్దనాలని కూడా అనిపించలేదు. పదేళ్లు నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఒంటిగంటా ముప్పై ఐదు నిమిషాలకు శంకరంపేట వియ్యంకులు దిగారు. వచ్చినవాళ్లు మొత్తం నూట ముప్పై ఒక్క మంది. గిన్నెలో మిగిలినవి నాలుగు ముక్కలు. కూర్చున్నవాళ్లు ఏడుగురు. ఎంత లెక్కలు వచ్చినా ఈ భాగహారం నా వల్ల కాలేదు.

రాజమణి మూత తీసింది. నా వంక చూసింది. ఆ నాలుగు ముక్కలూ వియ్యంకుడి విస్తరిలో ఒకటి, మిగతా మగవాళ్లకు ఒక్కొక్కటి వేసి, ఆడవాళ్లకు షోర్వా పోసింది.

"ఏం ఫికర్ చెయ్యకు వదినా," అంది వియ్యపురాలు, అన్నం కలపకుండానే. "మేం తినే బయలెల్లినం. మస్తు మందిని పిలిచినవు. అందరు మీకు కావాల్సినోళ్లె గద."

రెండు గంటల ఐదు నిమిషాలకు వాళ్లు చేతులు కడుక్కొని వెళ్లిపోయారు.

అక్కడితో ఆగినా బాగుండేది. తిరుగు ప్రయాణంలో ఆటోలో రాజమణే నన్ను ఊరడించింది. "పోనీ అక్కా. ఇంటి ముచ్చట ఇంట్లనే ఉంటది. దసరకు పిలిచి మంచిగ పెట్టుకుంట. నువ్వు ఏడ్వకు."

నేను ఏడ్చాను. ఇంటికి వచ్చీ ఏడ్చాను. సోమవారం ఉదయం తప్పు ఒప్పుకోవాలని గట్టిగా నిశ్చయించుకొని, కుర్చీలో కూర్చొని, ఎనిమిది యాభైకి ఇలా పెట్టాను:

"నిన్న ఏడుపాయల. 131 మంది వచ్చారు. రాజమణి వియ్యంకులు ఏడుగురికి నాలుగే ముక్కలు మిగిలాయి. తప్పు నాది. క్షమించాలి."

పదకొండింటికి స్వప్న ఫోను పట్టుకొని వంటింట్లోంచి వచ్చింది.

"అత్తమ్మా, గిదేం పెట్టినవు?"

"తప్పు ఒప్పుకున్న."

"ఎవలకు?"

"రాజమణికి."

"రాజమణత్త నాలుగిండ్ల అవతలనే ఉంటది గద."

స్వప్న నా ఫోను తీసుకొని అప్పటికప్పుడు దాన్ని తీసేసింది. కానీ ఎవరో దాని ఫొటో తీసి పంపారు, ఇంకెవరో ఇంకొకరికి పంపారు. మధ్యాహ్నానికి అది శంకరంపేట చేరింది. ఏడుగురికీ తెలిసి, ఏడుగురూ దిగమింగుకున్న అవమానాన్ని నేను ఊరందరికీ పంచాను. చాయ హోటలు దగ్గర వియ్యంకుణ్ణి "ఏం పటేలా, నీకు ఎన్ని ముక్కలొచ్చినయి?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయన మళ్లీ మెదక్ గడప తొక్కనన్నాడు. కోడల్ని కూడా పంపనన్నాడు. పెళ్లయ్యాక ఆడబిడ్డ మొదటి బతుకమ్మకు తల్లిగారింటికి రావాలి. రాజమణి బిడ్డ రాలేదు. తొమ్మిది రోజులూ రాజమణి బతుకమ్మను పేర్చింది, ఒక్కతే తీసుకెళ్లింది. నేను కిటికీలోంచి చూశాను.

సద్దుల బతుకమ్మ మర్నాడు ఆ నలభై ఆరు అడుగులూ నడిచి వెళ్లాను. ఆమె వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి, కొంగు సర్దుకొని, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"రండ్రి మేడం. కూసోండ్రి."

ఇరవై ఆరేళ్లలో ఆమె నాకు కుర్చీ వేయడం అదే మొదలు. మేమెప్పుడూ గడప మీదే కూర్చునేవాళ్లం. నేను చెప్పాలనుకున్నదంతా చెప్పాను. ఆమె అంతా విని "మంచిది మేడం" అంది. కోపం లేదు. చాయ పెట్టనా అని కూడా అడిగింది. వద్దన్నాను. పెట్టలేదు.

మరుసటి యేడు వియ్యంకులు మెత్తబడి పిల్లను పంపారు. మొదటి బతుకమ్మ మాత్రం మొదటిదే.

పాఠకులారా, మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒకరికి చెప్పాల్సిన మాటను రెండు వందల మందికి చెప్పను. క్షమాపణ అడగాల్సి వస్తే చెప్పులు వేసుకొని వెళ్లి అడుగుతాను. మోకాళ్లు ఒప్పని రోజు తప్పే చేయను. ఎవరైనా గిన్నె చేతికిస్తే దాని మీద కూర్చుంటాను.

పోయినవి ఇవి. మేకపోతు, ఒకటి. ఒక ఆడబిడ్డ బతుకమ్మ, తొమ్మిది రోజులు. నాలుగింటి చాయ, ఇవాళ్టికి ఏడు వందల పన్నెండు. "అక్కా" అనే పిలుపు, ఒకటి.