ఒక్కడి సమ్మె

మా భిలాయిలో సమ్మె అంటే ఏమిటో పాలు తాగే పిల్లనడిగినా చెబుతుంది. ఉక్కు ప్లాంటు గేటు ముందు సైకిళ్ళు ఆగిపోవాలి. జెండాలుండాలి. మైకు పట్టుకుని ఎవడో ఒకడు గొంతు పోయేదాకా అరవాలి. ఆ ఒకడు చాలాసార్లు నేనే. షిఫ్టు దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ కలిసి రోడ్డు కనపడకుండా నిండిపోవాలి. ఒక్క మనిషి నల్లబ్యాడ్జీ పెట్టుకుని కంచె పక్కన నిలబడితే దాన్ని మా ఊళ్ళో సమ్మె అనరు, బస్సు కోసం చూస్తున్నాడంటారు. నా బావమరిది త్రినాథరావు చేసింది అలాంటి సమ్మె.

వాడు పుట్టింది సెక్టర్ 7 క్వార్టర్లో. మా మామగారు సూర్యారావు విజయనగరం పక్కనుంచి వచ్చి కోక్ ఓవెన్లలో చేరిన తొలితరం మనిషి. ఆ వీధిలో మగపిల్లాడు పుడితే ఉయ్యాల్లో వేసిన రోజే ప్లాంటు అప్రెంటిస్ అని పేరు పెట్టేసేవారు. త్రినాథుడు మాత్రం పదో తరగతి నుంచీ విమానాలని కలవరించాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. హైదరాబాదు వెళ్ళి విమానాల మరమ్మతు చదివాడు. లైసెన్సు తెచ్చుకుని, అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న ప్రైవేటు విమాన కంపెనీల్లో ఒకదాంట్లో చేరాడు. మూడేళ్ళు బొంబాయిలో విమానాలు విప్పి బిగించే షెడ్డులో చేశాక వాణ్ణి రాయపూర్ పంపారు. అప్పటికి మా మామగారూ అత్తగారూ లేరు. మా ఆవిడ అరుణకుమారికి వాడొక్కడే తమ్ముడు, ఇంటికి దగ్గరకొచ్చాడని సంతోషించింది. దగ్గరే, కాదనను. కానీ రాయపూర్‌లో ఆ కంపెనీకి మెకానిక్ అంటే వాడొక్కడే.

కోహ్కాలో ఒక గది తీసుకున్నాడు. రుఆబాంధాలో మా క్వార్టరుకి వచ్చి ఉండమంటే "మీ ఇంట్లోన మనుషులెక్కువక్కా" అని నవ్వేవాడు. రోజూ పవర్‌హౌస్ స్టేషన్లో లోకల్ ఎక్కి రాయపూర్ వెళ్ళడం, అక్కడ స్టాండులో పెట్టిన లూనా తీసుకుని మానా విమానాశ్రయానికి పోవడం. మధ్యాహ్నం ఒకే ఒక్క విమానం వస్తుంది. అది నేల మీదున్న కాసేపూ దాని చుట్టూ తిరిగి చక్రాలూ, ఇంజనూ, నూనే చూసి సంతకం పెడతాడు. అది ఎగిరిపోతుంది. మళ్ళీ మర్నాటి దాకా వాడికి పనీ లేదు, మాట్లాడే తోటివాడూ లేడు. మా ప్లాంటులో ఎంత చేతకాని వాడికైనా కనీసం నలుగురు శత్రువులుంటారు. వాడికి ఆ భాగ్యం కూడా లేదు.

తొంభై ఏడు వానాకాలంలో ఒకరోజు తడిసిపోయి మా ఇంటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. పెళ్ళి కుదిరిందేమో అనుకున్నాను.

"బావా, మావు హడ్తాల్‌కి దిగతన్నాం" అన్నాడు.

"మావంటే ఎవుల్రా?"

"మా సంఘం. బొంబాయిలోన అందరూ. ఇక్కడ నాను."

సంగతేమిటంటే, ఏడాదికోసారి విమానాన్ని పూర్తిగా విప్పి చేసే పెద్ద మరమ్మతు ఇక మీదట బొంబాయి షెడ్డులో వద్దని కంపెనీ తేల్చింది. విమానాల్ని సింగపూర్ పంపి అక్కడివాళ్ళతో చేయిస్తుందట. షెడ్డువాళ్ళ పని పోతుంది. అందుకని మెకానిక్‌ల సంఘం సమ్మె పిలుపిచ్చింది. సంఘంలో పెద్ద తలకాయ చినబాబు, శ్రీకాకుళం వైపు వాడు, షెడ్డులో త్రినాథుడి పక్కనే పనిచేసినవాడు, ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాడట.

నాది గేటు మీటింగుల్లో పండిన బుర్ర. లాభనష్టాలు అడక్కుండా ఉండలేను. "షెడ్డోళ్ళ పని పోతాది సరే, నీకేటి నష్టంరా? నీ చక్రాలు నువ్వు చూసుకుంటావు."

"ఆ షెడ్డులోన నానూ చేసినాను గదా బావా. ఇక్కడ సంతకం పెట్టినప్పుడల్లా ఎవులు ఏ బోల్టు బిగించినారో ఆ మొహాలు కనపడతాయి నాకు. సింగపూరోడి మొహం నాకెలగ తెలుస్తాది? అయినా ఆళ్ళ పని పోతే మా అందరిదీ పోయినట్టే."

"మరి నినాదాలూ అవీ?"

"నానొక్కణ్ణీ ఎలగిస్తాను? జిందాబాద్ అని తిరిగి అనడానికి ఎవులున్నారు?"

నేను పగలబడి నవ్వాను. వాడూ నవ్వాడు. కానీ ఆ సాయంత్రం వాడు 'మావు' అన్న మాటని చప్పరించి చప్పరించి వాడడం మా ఆవిడ కూడా గమనించింది. పుట్టి బుద్ధెరిగాక వాడి నోట ఆ మాట వినలేదు మేము. జీతం ఏమవుతుందని గానీ, ఉద్యోగం ఏమవుతుందని గానీ ఒక్క ముక్క అనలేదు. ఆ గుంపు తనని తమలో ఒకడనుకోవాలి, వాడికి కావలసింది అంతే.

మర్నాటి నుంచి మొదలు. సంఘం పెట్టిన నియమాలు మూడు. నల్లబ్యాడ్జీ పెట్టుకోవాలి. సంఘం చెప్పేదాకా పనిలోకి పోకూడదు. కంపెనీ పెద్దలతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. బొంబాయిలో వందలమందిలో ఎంతమంది వాటిని పాటించారో నాకు తెలియదు. మావాడు మాత్రం వేదవాక్కులా పట్టుకున్నాడు. రోజూ ఉతికిన యూనిఫారం వేసుకుని అదే లోకల్ ఎక్కి, అదే లూనా మీద వెళ్ళి, విమానాశ్రయం కంచె బయట, కార్లు ఆపే చోట నిలబడేవాడు. విమానంలోనే బొంబాయి నుంచి ఎవరో ఒకరిని ఎక్కించి పంపుతున్నారు. వాళ్ళు దిగి తను చూసుకునే విమానం మీద చెయ్యి వెయ్యడం చూడలేక త్రినాథుడు వెంటనే వీపు తిప్పేసేవాడు. అది ఎగిరిన చప్పుడు విన్నాకే కదిలేవాడు.

అక్కడి టాక్సీవాళ్ళు వాడు ఎవరి కోసమో ఎదురు చూస్తున్నాడనుకున్నారు. "ఆజ్ భీ నహీఁ ఆయా క్యా, భయ్యా?" అని, ఇవాళ కూడా రాలేదా అని, రోజూ అడిగేవారట. వాడు మొదట్లో హడ్తాల్ సంగతి విప్పి చెప్పబోయాడు. వాళ్ళకి ఎక్కలేదు. తర్వాత్తర్వాత "నహీఁ ఆయా" అనేసి ఊరుకునేవాడు. ఈ ముక్క వాడు నవ్వుతూనే చెప్పాడు.

కంపెనీకి అక్కడ మేనేజరు మురళీధర్ అని మన తెలుగాయనే. ఆయన రెండుసార్లు గేటు దాటి వాడి దగ్గరకి వచ్చాడు. "త్రినాథరావు గారూ, ఒక్క మాట" అన్నాడు. వాడు మొహం తిప్పుకుని గట్టిగా కళ్ళు మూసుకున్నాడట. రెండోసారి కూడా అంతే. ఆ సంగతి మాకు గొప్పగా చెప్పుకున్నాడు.

"నన్ను మెత్తబరచడానికొచ్చినాడు బావా. నాను లొంగుతానేటి?"

బొంబాయి నుంచి కబురు మాత్రం లేదు. సంఘం ఆఫీసుకి ఎస్టీడీ చేస్తే మోగుతుంది గానీ ఎవరూ ఎత్తరు. "అందరూ గేటు దగ్గరుంటారు, ఫోనెవులెత్తుతారు?" అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. మా దగ్గర సమ్మె నాలుగు రోజులు దాటితే చాలు, ఎక్కడో ఒకచోట చర్చలు మొదలవుతాయి. వానలు వెనకబట్టాయి, దుర్గా పందిళ్ళకి వెదుళ్ళు దిగుతున్నాయి, వీడి సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. మనిషి చిక్కిపోయాడు. మా ఇంటికి రావడం తగ్గించేశాడు.

ఒక ఆదివారం పొద్దున్నే మా ఆవిడ నా ముందు టీ గ్లాసు ఠపీమని పెట్టింది.

"ప్లాంటు గేటు కాడ లోకం కోసం అరుస్తారు గదా. మా తమ్ముడు ఒక్కడూ అక్కడ నిలబడతన్నాడు. ఒక్కరోజు ఎల్లి పక్కన నిలబడితే మీ సొమ్మేటి పోతాది?"

పోదు. వెళ్ళాను. పక్కన నడుస్తుంటే వాడు నన్ను పదేపదే చూసుకోవడం, దారంతా వాడి పెదవి చివర నవ్వు ఆగకపోవడం నేను చూశాను. ఇన్నాళ్ళూ రానందుకు నా మీద నాకే చిర్రెత్తింది.

కంచె పక్కన ఇద్దరం నిలబడ్డాం. విమానం దిగింది. వాడు అలవాటు ప్రకారం వీపు తిప్పేశాడు. నాకు అలాంటి నియమాలేవీ లేవు కదా, జాతరలో పిల్లాడిలా కంచెకి ఆనుకుని చూస్తున్నాను.

"ఏటి చేస్తన్నారు బావా అక్కడ?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"ఒకడు దిగినాడు. చక్రం దగ్గర కూకున్నాడు. పొట్టోడు. ఎడమ చెయ్యివాటం మనిషిలాగున్నాడు."

వాడు గిరుక్కున తిరిగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి "చినబాబన్నా!" అని కేకేశాడు. కోపం కాదు ఆ కేకలో. తప్పిపోయిన వాడికి ఇంటి మనిషి కనపడినట్టు పిలిచాడు.

చినబాబు తలెత్తి చూశాడు. గుర్తుపట్టి, చేతులు తుడుచుకుంటూ కంచె దాకా వచ్చాడు.

"ఏటిరా త్రినాథా, కంచె బయట నిలబడ్డావేటి? ఆ బ్యాడ్జీ ఏటి?"

"సమ్మె గదన్నా."

"ఏ సమ్మె?"

ఆ తర్వాత చినబాబు మొహంలో రంగు మారడం నేను చూశాను. సమ్మె ఎప్పుడో ముగిసింది. వినాయక చవితికి ముందే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అప్పట్నుంచీ త్రినాథుడు రోజూ వీపు తిప్పింది ద్రోహులకి కాదు, సంఘంవాళ్ళకే. మా మాటలు విని మురళీధర్ కూడా వచ్చాడు.

"ఫలానా తేదీకల్లా బొంబాయి వచ్చి డ్యూటీలో చేరాలన్నారండి. అదే చెబుదామని రెండుసార్లు వచ్చాను. మీరు మొహం తిప్పుకున్నారు. ఒప్పందం నచ్చక మీరొక్కరే కొనసాగిస్తున్నారనుకున్నాను. మనిషి గేటు దగ్గరే ఉన్నాడని బొంబాయికి చెప్పాను కూడా. గేటు దగ్గర ఉండడం డ్యూటీ కాదన్నారు. మీరు ఉద్యోగం వదులుకున్నట్టు రాసేశారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కంచె లేకపోతే చినబాబు కాలరు నా చేతిలో ఉండేది. "ఇలాంటి సంఘం ఎక్కడైనా ఉంటాదా? మనిషిని రోడ్డు మీద నిలబెట్టి కబురు చెప్పకుండా పోతారా?" అని నేను అరుస్తుంటే త్రినాథుడు నా భుజం పట్టుకుని ఆపాడు. వాడి బాధ ఉద్యోగం గురించి కాదు.

"అన్నా, సంతకాలప్పుడు రాయపూర్ ఊసు ఎవులైనా ఎత్తినారా?"

చినబాబు నేల చూపులు చూశాడు. ఒక అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఎత్తాం, కంపెనీ ఒప్పుకోలేదు అని ఉంటే వాడు జీవితాంతం ఆ మాట పట్టుకుని బతికేవాడు.

"లేదురా. ఆ హడావుడిలోన నువ్వు గుర్తు రాలేదు" అన్నాడు చినబాబు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాట్లాడతాను, మళ్ళీ పెట్టిస్తాను అన్నాడు. విమానం వేళయి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాట్లాడాడనే విన్నాను. ఉద్యోగం మాత్రం రాలేదు. ఇప్పుడు త్రినాథుడు పవర్‌హౌస్ బజారులో కూలర్ల మోటార్లు బాగుచేస్తాడు.

ఆ రోజు విమానం ఎగిరిపోయాక కార్లు ఆపే చోట మేమిద్దరం, ఇద్దరు ముగ్గురు టాక్సీవాళ్ళు మిగిలాం. పోదాం పదరా అన్నాను. వాడు కదల్లేదు.

"బావా, మీ ప్లాంటులోన ఒప్పందం అయితే ఏటి చేస్తారు?"

"గేటు మీటింగు పెట్టి చదువుతాం. ఒప్పుకుంటారా లేదా అని చేతులెత్తిస్తాం."

"అయితే నాకూ చదువు."

వాడు వేళాకోళానికి అనలేదు. నేను గొంతు సవరించుకున్నాను. ఎన్ని వేలమంది ముందు మాట్లాడినవాణ్ణి, ఆ రోజు ఒక్కడి ముందు నిలబడ్డాను. సోదరులారా అని మొదలుపెట్టి, కంచె దగ్గర చినబాబు చెప్పిన ఒప్పందం షరతులన్నీ ఒక్కొక్కటే వినిపించాను. విమానాలు సింగపూర్ పోతాయి. ఒక్కో విమానంతో సంఘం మనుషులు ఇద్దరు పర్యవేక్షణకి వెళ్తారు, వాళ్ళకి పరదేశం బత్తా ఇస్తారు. చిన్న స్టేషన్లలో మెకానిక్‌లుండరు, విమానంలోనే ఒకరు వచ్చి పోతారు. సమ్మె చేసినవాళ్ళెవరినీ తీసెయ్యరు. వాడు చేతులు కట్టుకుని, ఎదురుగా నిలబడి, గుంపులో మనిషి విన్నట్టే విన్నాడు.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాను.

వాడు ఎత్తలేదు.

"ఒప్పుకోనివాళ్ళు?"

వాడు చెయ్యెత్తాడు. నాకు దుఃఖం ఆగలేదు. నేనూ ఎత్తాను.

"నువ్వు దించీ బావా. నువ్వు మా సంఘం కాదు" అన్నాడు.

దించాను. వాడు మాత్రం, ఎవరైనా వచ్చి లెక్కపెడతారన్నట్టు, ఆ చెయ్యి అలాగే ఎత్తి ఉంచాడు.