కంటికి ఆనని వేట

ఎస్టీడీ బూత్‌లో ఎర్రంకెలు గిరగిరా తిరుగుతుంటే బిల్లు లెక్కపెట్టుకుంటూ ఇంటికి ఫోను చేసిన కాలం అది. ఆ రోజుల్లో రీసెర్చి చేస్తున్నానంటే మా చుట్టాలు జాలిగా చూసేవారు. "ఉద్యోగం రాలేదన్నమాట" అనేవాడు మా మేనమామ, ఓదార్పుగా నా విస్తట్లో ఇంకో గారె వేస్తూ. అనకాపల్లిలో ఆయనకి బెల్లం కొట్టు. నా చదువు అటకెక్కిన మరుక్షణం కూచోడానికి అక్కడో గుమాస్తా కుర్చీ నాకోసం ఎదురుచూస్తూ ఉండేది. (ఆ కుర్చీ చుట్టూ ఈగలు. ఈగలంటే నాకు చచ్చేంత అసహ్యం.) ఇంతకీ నేను విశాఖపట్నంలో చేస్తున్నదేమిటంటే, జీవకణం చుట్టూ ఉండే పొరలాంటిదాన్ని మన చేత్తో తయారుచెయ్యడం. గుడ్డు పచ్చసొనలోంచి కొవ్వు తీసి, ఓ రకం నూనెలో కలిపి, పలచటి రేకుకి సూదిబెజ్జం పెట్టి, దాని మీద పిల్లల రంగుల బ్రష్షుతో పూస్తే అక్కడ పొర కడుతుంది, మన జాతకం బాగుంటే. రేకుకి రెండు పక్కలా ఉప్పునీళ్లు పోసి, తీగలు ముంచి బ్యాటరీకీ మీటరుకీ కలపాలి. పొర నిలిచినంతసేపూ కరెంటు అటు నుంచి ఇటు రాదు, మీటరు ముల్లు కదలదు. పొర చిరిగిందా, ముల్లు ఎగిరిపడుతుంది. ఏ రేకు మీద పొర ఎక్కువసేపు నిలుస్తుందో తేల్చడం నా పని. అంటే ఏమీ జరక్కపోవడమే నా విజయం. ఇలాంటి పని గురించి మేనమామకి ఏం చెప్పుకుంటాం!

ఎండాకాలం వచ్చేసరికి విశాఖలో నా పొరలు పుట్టినట్టే పుట్టి పోయేవి. ఒళ్లంతా జిడ్డు చేసే ఉక్క, లాబు వెనక లారీల మోత. మా గైడుగారు (ఉన్న నాలుగు వెంట్రుకల్నీ నలభైలా కనపడేట్టు దువ్వుకునే మహానుభావుడు) ఒకరోజు పిలిచి, "చూడు నాయనా, నీ ఫెలోషిప్పు పొడిగించమని నేను కమిటీకి చెప్పాలంటే, ఒక్క పొరనైనా నా కళ్లతో చూడాలి. చూడందే చెప్పను. అరకు అవతల మన బోటనీవాళ్ల బంగళా ఖాళీగా ఉంది. చల్లటి చోటు, చీమ చిటుక్కుమనదు. నెలాఖరుకి నేనొస్తాను" అన్నారు. ఆయనొచ్చేనాటికి పొర నిలిస్తే లాబు, లేకపోతే బెల్లం. సామాను సర్దుకుని కొండెక్కే రైలెక్కాను.

చల్లదనం మాట నిజమే. చీమల సంగతే ఆయన విచారించలేదు. బంగళాకి కూతవేటు దూరంలో ఇనపరాయి మోసే గూడ్సుబళ్ల లైను. బండి బొర్రా వైపు దిగుతుంటే చెక్కనేల, బల్ల, పొర, నా పళ్లు వరసగా వణికేవి. లాబు నుంచి తెచ్చుకున్న టెఫ్లాన్ రేకుని వచ్చిన వారంలోనే తొక్కి వంకర చేసుకున్నాను. ఆ తరవాత దొరికిన ప్రతి దానికీ బెజ్జం పెట్టడమే. ఐస్‌క్రీం కప్పు మూత మీద పొర పట్టనే లేదు. పాత ఇస్త్రీపెట్టెలోంచి తీసిన అభ్రకం రేకు, బెజ్జం పెడుతుంటేనే పెచ్చులూడిపోయింది. కెమెరా రీలు ముక్క మీద పట్టింది కానీ రైలు కూత వినగానే చిరిగింది. చివరికి ఎవరో పారేసిన ఎక్స్‌రే ఫిల్ము దొరికితే, ఆ పుణ్యాత్ముడి పక్కటెముకల మధ్య కాల్చిన సూది గుచ్చాను. నాకు వండిపెట్టే ఆవిణ్ణి వంటక్క అనేవాణ్ణి. బంగళా వాచ్‌మన్ భార్య, ఆ ఊరి మనిషే. నా గుడ్లలో పచ్చసొన సైన్సుకీ, తెల్లసొన ఆవిడ వేసే అట్టుకీ పోయేవి.

"ఏటి సేత్తన్నావు బాబూ, పొద్దుట్నించీ?"

"ముల్లు చూస్తున్నానక్కా."

"ఏటీ కదల్నేదు గదా."

"కదలకపోతేనే మంచిదక్కా."

ఆవిడ నా నుదుటి మీద చెయ్యేసి చూసి, ఆ పూట అన్నం మానిపించి రాగి అంబలి పోసింది.

సరిగ్గా గైడుగారు వచ్చే వారంలోనే ఇటుకల పండగొచ్చింది. చైత్రమాసంలో అక్కడ మగవాళ్లంతా అడవికి వేటకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా దుంగ పడేసి, వచ్చేపోయే బళ్లు ఆపి, ఎక్కినవాళ్లని దింపి ఆడిస్తారు. దొరికిన వేటని డప్పులతో ఎదురెళ్లి తెచ్చుకుంటారు, గడపగడపకీ పంచుకుంటారు. వట్టిచేతులతో తిరిగొచ్చిన మగాడికి మాత్రం పేడనీళ్ల స్నానం. ఈ చివరి ముక్క నాకెవరూ చెప్పలేదు. గుడ్లు నిండుకున్నాయని సంతకి పోతే, పండగపూట గుడ్డు అమ్మేవాళ్లే లేరు. ఉసూరుమంటూ వస్తుంటే ఊరి మొదట్లో ఆడవాళ్లు అడ్డం నిలిచి, "ఏట ఏదీ?" అన్నారు. అమాయకంగా ఖాళీ సంచీ తిప్పి చూపించాను. తరవాత నాకు కళ్లజోడులోంచి లోకం కనపడలేదు. ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ వచ్చినవాణ్ణి, చెవుల్లోంచి పేడ కారుతూ బంగళా మెట్ల మీద కూచుని నిజంగానే ఏడ్చాను. వంటక్క వేడినీళ్లు పెట్టింది. తలారబెట్టుకుని వచ్చేసరికి, పొదగడానికి కూచోబోతున్న తన పెట్ట కిందనుంచి తీసిన గుడ్డొకటి బల్ల మీద ఉంది. "నిన్న పెట్టిందే బాబూ. ఏడవకు, పూసీ" అంది.

మర్నాడు ఆ గుడ్డుతో పూశాను. ఎక్స్‌రే ఫిల్ము మీద పొర మొదట రంగులు తిరిగి, పలచబడి, నల్లగా తేరుకుంది. ముల్లు కదల్లేదు. ఎందుకో ఆ పూట గూడ్సుబళ్లు రాలేదు. ముల్లు కదల్లేదు. ఊపిరి కూడా పక్కకి తిప్పుకుని వదులుతున్నాను. అప్పుడు రోడ్డు మీద జీపు చప్పుడూ, వెంటనే డప్పులూ వినిపించాయి. కిటికీలోంచి చూద్దును కదా, దుంగ దగ్గర మా గైడుగారు! నడుముల చుట్టూ చేతులేసుకున్న ధింసా వరసలో ఇద్దరు ముసలమ్మల మధ్య ఇరుక్కుని, ఎడమకాలు వెయ్యాల్సినచోట కుడికాలు వేస్తున్నారు. వెళ్లి పిలుద్దామంటే అడుగేస్తే చెక్కనేల ఊగుతుంది, కేకేద్దామంటే కేకకే చిరిగేలా ఉంది. ఎన్నాళ్లకో చేతికి దక్కిన పొర ఎదురుగా ఉంది, చూడాల్సిన మనిషి చిందులేస్తున్నాడు. ఇంతలో వంటక్క గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, లోపలికి రాకు. పొర దొరికింది. మా గైడుగారిని తీసుకురా, బేగి" అన్నాను గొంతు లేకుండా.

"దొరికీసిందా!" అని ఆవిడ చెంగు దోపుకుని పరిగెత్తింది. అక్కడేం చెప్పిందో నాకు వినపడలేదు. డప్పులు ఆగిపోయాయి, అందరి తలలూ బంగళా వైపు తిరిగాయి.

గైడుగారు చెవిలో మోదుగుపువ్వుతో, మునివేళ్ల మీద లోపలికొచ్చారు. భూతద్దం పెట్టి చూశారు, నల్లబడ్డ పొర కంటికి ఆనదు. మీటరు చూశారు. తీగలు చూశారు. చెమట తుడుచుకుని, "ముల్లు కదలకపోతే పొర ఉన్నట్టేనా? తీగ తెగినా కదలదు, బ్యాటరీ చచ్చినా కదలదు. ఏమీ కదలకపోవడాన్ని పట్టుకెళ్లి కమిటీకి ఏమని చెప్పను?" అన్నారు గుసగుసగా. ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు, అదే నా ఏడుపు. కళ్ల ముందు ఈగలు ముసిరాయి.

అంతలో ఊరి ఆడవాళ్లందరూ పసుపునీళ్ల చెంబుతో, డప్పుతో బిలబిలమంటూ గదిలోకి వచ్చేశారు. వంటక్క చెప్పింది "బాబుకి ఏట దొరికింది" అని! వేటకి ఎదురొచ్చి డప్పు కొట్టొద్దూ మరి? మొదటి దెబ్బకే ముల్లు చివరిదాకా ఎగిరి కొట్టుకుంది. నేను నేలమీద కూలబడ్డాను. "కదిలింది, కదిలింది" అని వంటక్క చప్పట్లు కొట్టింది. ఎన్నాళ్లుగానో ఆవిడ ఎదురుచూస్తున్నది దానికోసమే మరి. కానీ నేను తలెత్తేసరికి గైడుగారు నవ్వుతున్నారు. అంతకుముందెప్పుడూ ఆయన పళ్లు నేను చూసి ఎరగను. "లేనిది ఎలా చిరుగుతుందోయ్! ఇప్పుడు నమ్మాను. ఇంకో రెండేళ్లు పొడిగించమంటాను, లే" అన్నారు. లేవడానికి ఆయన చెయ్యే ఆసరా అయింది.

ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. వేట అన్నాక గడపగడపకీ వాటా రావాలి కదా, మా వాటా ఏదని అడిగారు. గైడుగారు కాసేపు తల గోక్కుని భూతద్దం నా చేతికిచ్చారు. ఆ సాయంత్రమంతా నేను పూయడం, ఒక్కొక్కరూ వంగి పొర మీద తిరిగే రంగులు చూడ్డం, అది చిరగడం, మళ్లీ పూయడం. "నెమలీకలాగుంది గుంటడి ఏట" అందొక ముసలమ్మ, మళ్లీ వరస చివరికి వెళ్లి నిలబడుతూ.

ఇప్పుడు నా లాబులో రైలు పోయినా వణకని బల్ల ఉంది. పొరలు రోజుల తరబడి నిలుస్తాయి. ముల్లూ లేదు, కంప్యూటర్లో గీత తిన్నగా సాగిపోతూ ఉంటుంది. నాకు బట్టతల వచ్చింది, దేశదేశాల పత్రికల్లో పేరూ వచ్చింది. ఆ వ్యాసాల్ని నేనూ, అచ్చుతప్పులు దిద్దే అబ్బాయీ తప్ప ఇంకెవరైనా చదివారో లేదో నాకు అనుమానమే. నా పని చూడ్డానికి జనం వరస కట్టింది మాత్రం నా జన్మలో ఆ ఒక్క సాయంత్రమే.