మూడు టర్నుల ముందే

మా ఆయన కాలేయం ఇక బాగుకాదని, ఆయనకంటే ముందు నాకు చెప్పింది, గద్వాల ఆస్పత్రిలో రిపోర్టులు తీసుకున్న మా ఆడబిడ్డ మరియమ్మ. "అన్నకు చెప్పకు వదినా, పరేషాన్ అయితడు" అంది. ఆ మాట కడుపులో పెట్టుకుని గద్వాలలో వనపర్తి బస్సెక్కాను.

పక్కన ఖాకీ చొక్కా వేసుకున్న ఒకతను ఫోన్‌లో, వంతులవారీగా ఎత్తులు వేసే అంతరిక్ష యుద్ధం ఆట ఆడుతున్నాడు. మన్ననూర్ అడవిలో పులుల కోసం కెమెరాలు బిగించే పనట. ఆటలో తవ్విన ఖనిజమంతా, శత్రువును దూరం నుంచే పసిగట్టే సెన్సర్లకే పెట్టాడు.

"మా బామ్మర్ది నవ్వుతడక్కా. తుపాకులు కొనకుండ దుర్భిణీలు కొంటవేంది బావా, అంటడు."

"మరి గెలుస్తవా తమ్మీ?"

"యాడ గెలుస్త! గానీ శత్రువులు మూడు టర్నుల ముందే కనబడ్తరు. గ్రహం మీదున్నోళ్లను ఓడలెక్కించి పంపనీకి టైం దొరుకుతది."

ఇంటికి చేరగానే మా ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన, పొలం గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని అన్నను ఒకసారి చూడాలన్నారు. అమరచింత తీసుకుపోయాను. బావగారు తలుపు తీయలేదు. లోపల టీవీ వినబడుతూనే ఉంది. మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చుని తిరిగొచ్చాం.

నేను చెప్పిన పన్నెండో రోజున ఆయన పోయారు. ఆ పన్నెండు రోజులూ ఇచ్చినందుకు స్తోత్రం చెబుదామని మోకరిస్తాను. చాలాసార్లు మాట రాదు.

మట్టి చేసే రోజు బావగారు వచ్చారు. శవపెట్టె పట్టుకుని "జర లేవురా, నేనొచ్చిన్రా" అని ఏడ్చారు. సంఘమంతా మీ ప్రార్థనల్లో మా బావగారిని జ్ఞాపకం చేసుకోండి.