కడుపుబ్బా నవ్వుకున్నామని రాశాను

తాడేపల్లిగూడెంలో మేముండే వీధి మలుపులో పాత టీవీలు బాగుచేసే కొట్టొకటి ఇంకా మిగిలి ఉంది. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వస్తూ దాని ముందు నడిచినప్పుడల్లా వేడెక్కిన దుమ్మూ కరిగిన టంకమూ కలిసిన వాసన గుప్పుమంటుంది, నేను గబగబా నాలుగడుగులు వేసి దాటేస్తాను. కొల్లేటికోటలో మా రేకుల ఇంట్లో, బియ్యం డబ్బా మీద పెట్టిన చిన్న నలుపు తెలుపు టీవీ గంటసేపు నడిచేసరికి సరిగ్గా ఇదే వాసన వేసేది. నాన్న దాని వీపు తట్టి, అలిసిపోయిన గేదెను బుజ్జగించినట్టు, "ఇంకాసేపాగు తల్లీ, అయిపోవచ్చింది" అనేవాడు.

నాన్న చేపల చెరువు మీద కాపలాదారు. చదువు రాదు. పేపరూ పుస్తకమూ ఉత్తరమూ అన్నీ ఆయనకు ఆ టీవీయే. ఎండాకాలం ఊరి చుట్టూ ఉన్న సరస్సు వెనక్కి తగ్గి నల్లటి ఒండ్రు నెర్రెలు విచ్చేది, వానలొస్తే గుర్రపుడెక్క ఊదారంగు పూలతో సహా మా దొడ్డిదాకా వచ్చేసేది, చలికాలం ఎక్కడెక్కడి పక్షులో దిగి మా యాంటెన్నా మీద వాలేవి. కొంగ వాలిందంటే తెర మీద మనుషులు వంకర్లు తిరిగిపోయేవారు. నాన్న బయట వెదురుగడ తిప్పుతుంటే నేను లోపల నుంచి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది అని గొంతు చించుకునేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం అమ్మ చిన్నచేపల్లో పుల్లమామిడికాయ వేసి ఇగురు వండితే, చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయి ముగ్గురం హాస్య నాటిక ముందు కూర్చునేవాళ్ళం. పెద్దింట్లమ్మ జాతర రోజుల్లో అయితే చుట్టాలు కూడా ఇరుక్కుని కూర్చునేవారు, చూరు కింద తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలు ఆట మానేసి గుమ్మంలోంచి తొంగిచూసేవారు.

హాస్యం వచ్చిందంటే నాన్న నవ్వు మాటకంటే ముందొచ్చేది. తెర మీద మామగారు నోరు తెరిస్తే చాలు, ఆయనేమంటాడో వినకుండానే తొడ చరుచుకునేవాడు. బుధవారం సాయంత్రం నేరపరిశోధన సీరియల్ వస్తే మాత్రం మహా గంభీరంగా మారిపోయి, మొదటి ఐదు నిమిషాల్లోనే "వీడే చంపాడు" అని ఎవరినో ఒకరిని తేల్చేసేవాడు, ఒక్కసారి కూడా అది నిజమవలేదు. అసలువాడికి బేడీలు వేస్తుంటే మనసు కష్టపెట్టుకునేవాడు.

"పాపం, ఆడికీ పిల్లలుంటారు కదే."

"నాన్నా, వాడు మనిషిని చంపాడు."

"అయితే మాత్రం? పిల్లలు ఎదురుచూడరేంటి?"

నాకు ఒళ్ళు మండేది. అప్పటికే నేను ఆ ఇంట్లో పెద్ద విమర్శకురాలిని. హత్య చేసిన కత్తిని ఇన్‌స్పెక్టరు ఉత్తచేత్తో పట్టుకుంటాడేమిటి, పోయిన వారం పగిలిన జాడీ ఈ వారం మళ్ళీ ఎలా పగిలింది, ప్రతి కథలోనూ తోట కాపలావాడో చెరువు కాపలావాడో దొంగ ఎందుకవుతాడు అని పోట్లాడేదాన్ని. శుక్రవారం సాయంత్రం ప్రేక్షకుల ఉత్తరాలు చదివే కార్యక్రమం ఉండేది. పట్టుచీర కట్టుకున్న ఒకావిడా, కళ్ళద్దాల పెద్దాయనా పేరూ ఊరూ చెప్పి ఉత్తరం చదివి జవాబిచ్చేవారు. "ఈవిడ మనూరి పేరు ఎప్పుడూ చదవదేం?" అని నాన్న అలిగేవాడు.

సరస్సును మింగేస్తున్నాయని అందులోని చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టించేసిన ఏడాది నాకు పదకొండేళ్ళు. నాన్న ఏళ్ళ తరబడి కాపలా కాసిన చెరువు ఒక్క పూటలో సరస్సులో కలిసిపోయింది. ఇక దేనికి కాపలా కాస్తాడు? వానలు మొదలవుతుండగా ఆకివీడులో చేపల లారీ ఎక్కి, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల మీద పని వెతుక్కోవడానికి వెళ్ళాడు. మా వీధి కొట్లో ఫోను నంబరు నేను కాగితం మీద రాసిస్తే చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పని కుదరగానే కబురెడతా. సీరియల్ కథలు గుర్తెట్టుకో, వచ్చాక చెబుదువుగాని" అన్నాడు.

కబురు రాలేదు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, మా బడి టీచరు కరుణమ్మగారి వీధిలో క్రిస్మస్ నక్షత్రాలు వేలాడదీశారు. అమ్మ ఎన్నిసార్లో ఆకివీడు వెళ్ళి లారీల దగ్గర నిలబడి అడిగింది, "వస్తాడులెండి" అన్నారే తప్ప చూశానన్నవాడు ఒక్కడూ లేడు. టీవీలో 'కనబడుటలేదు' అని ఫొటోలు చూపిస్తారు కదా, నాన్న ఫొటో పంపిద్దామని కరుణమ్మగారు అంటే అమ్మ విరుచుకుపడింది. "ఆయనేం తప్పిపోయాడాండీ? పనికెళ్ళాడు. ఆ బొమ్మల్లో ఏయిస్తే ఇక లేడనేనండీ ఊరంతా అనుకునేది!" అని ఉన్న ఒక్క ఫొటోనూ పెట్టె అడుగున దాచేసింది.

అప్పుడు నాకు తట్టింది. నాన్న చదవలేడు కానీ వినగలడు. శుక్రవారం ఉత్తరాలు ఎక్కడున్నా వింటాడు. పోస్టుకార్డులు కొని మొదలుపెట్టాను. నేరపరిశోధనలో చెరువు కాపలావాడిని దొంగగా చూపించారు, మా నాన్నగారు అలాంటివారు కాదు, ఆయన ఇంటికి రావాలి అని రాశాను. చదవలేదు. ఇంకోటి, ఇంకోటి, మొత్తం నాలుగు రాశాను. శుక్రవారం వస్తే తెరకు ముక్కు ఆనించి కూర్చునేదాన్ని. పెద్దింట్లమ్మకు మొక్కుకున్నాను, అది చాలక కరుణమ్మగారి వెంట చర్చికెళ్ళి అక్కడా మోకరిల్లాను.

"గొడవలూ ఏడుపులూ రాస్తే చదవరమ్మా. బాగుంది, నవ్వుకున్నాం అని రాయి" అన్నారు కరుణమ్మగారు.

ఐదో కార్డు అలాగే రాశాను. 'పోయిన ఆదివారం హాస్య నాటిక చాలా బాగుంది. మా ఇంటిల్లిపాదీ కడుపుబ్బా నవ్వుకున్నాం. ఇలాంటివి మరిన్ని వేయండి. నాన్నా, మీరు ఎక్కడున్నా వెంటనే వచ్చేయండి, అమ్మ అన్నం తినడం లేదు.' నిజానికి ఆ ఆదివారం మా పొయ్యి వెలగలేదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నాటిక సగం చూసి నేనే టీవీ కట్టేశాను.

ఆ శుక్రవారం ఆవిడ నా పేరు చదివింది. కొల్లేటికోట అంది. 'మరిన్ని వేయండి' దాకా చక్కగా చదివి కార్డు పక్కన పెట్టేసింది. "మీ ఇంట నవ్వులు ఎప్పుడూ ఇలాగే ఉండాలి" అన్నాడు పెద్దాయన. వీధి వీధంతా మా గుమ్మంలోకి వచ్చేసింది.

"ఆఖరు మాట చదవలేదేంటే?" అంది అమ్మ.

"చదవలేదమ్మా."

"పోనీలే, పేరు చదివారుగా. నీ పేరు వింటే ఆగుతాడా? వచ్చేస్తాడు."

మర్నాటి నుంచి అమ్మ ముగ్గురికి బియ్యం పోసింది. నెలంతా పోసింది.

మరుసటి ఏడాది వినాయక చవితి వెళ్ళాక, సత్యం అనే మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నాన్నతో నెల్లూరు వైపు చెరువుల మీద పనిచేశాడట. అతని చేతిలో నాన్న సంచి ఉంది. ఈ వానల్లోనే జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో నాన్న పోయాడని, అక్కడే దహనం చేశారని చెప్పాడు. నంబరు కాగితం మొదటి వారంలోనే తడిసి ముద్దయిపోయిందట. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"పోయిన చలికాలంలోనే ఇంటికొచ్చేద్దామని సంచి సర్దేశాడమ్మా. బస్సు కోసం టీకొట్టు కాడ కూర్చున్నాం. టీవీలో పాప పేరు చదివారు. గబుక్కున లేచి నిలబడి, మా అమ్మాయేనండీ అని కొట్లో అందరికీ చెప్పాడు. ఇంటికాడ నవ్వుకుంటూ బాగానే ఉన్నారంట, ఉత్తచేతుల్తో ఎల్లి ఆ నవ్వు పాడుచెయ్యడమెందుకు, వానల నాటికి రొయ్యల పట్టుబడి డబ్బులు చేతికొస్తాయి, అప్పుడెల్తాలే అని సంచి మళ్ళీ లోపల పెట్టేశాడు."

అమ్మ నా వైపు చూడలేదు. "పేరు విన్నాక నవ్వాడాండీ?" అని మాత్రం అడిగింది.

"నవ్వాడమ్మా. ఆ రోజంతా నవ్వుతానే ఉన్నాడు."

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు, అంటే నాకు కాస్త ఊపిరాడేదేమో. ఆ ఉత్తరాల కార్యక్రమం లేదు, పసుపు కార్డు కొనేవాళ్ళు లేరు, కొంగ వాలడానికి ఏ కప్పు మీదా యాంటెన్నా లేదు. మా అమ్మాయి హాస్యాలూ నేరాలూ అన్నీ ఫోనులోనే చూస్తుంది. చూసినవాళ్ళు ఎపిసోడ్ కిందే అభిప్రాయం రాసేస్తారు, మధ్యలో చదివేవాళ్ళూ వదిలేసేవాళ్ళూ ఎవరూ ఉండరు. నేను మాత్రం ఆ ఐదో కార్డు తర్వాత దేని గురించీ అభిప్రాయం రాయలేదు. మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి ఫోను నా చేతిలో పెట్టి స్నానానికి వెళ్ళింది. ఏదో హాస్య ఎపిసోడ్ ఆడుతోంది. కింద ఎవరో, ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం అని రాశారు. దాని కింద, 'నాన్నా, ఆ రోజు మేమెవరం నవ్వలేదు' అని రాసి పంపేశాను. మా అమ్మాయి స్నానం ముగించి వచ్చేలోపే ఎవరో నా మాట కింద పడీపడీ నవ్వుతున్న బొమ్మలు మూడు పెట్టి వెళ్ళారు.