ఊపిరి బిగబట్టమన్నాను, వదలమనలేదు

ఉక్కునగరం దగ్గర ఓ చిన్న ల్యాబ్‌లో పదిహేనేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నాను. మొన్న వేసవిలో, ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతూ తెలుగు నేర్చుకున్న టాంజానియా కుర్రాడు వాళ్లమ్మను ఛాతీ ఎక్స్‌రేకి తీసుకొచ్చాడు. ఆవిడకు వాళ్ల కురియా భాష తప్ప మరొకటి రాదు. ఎక్స్‌రే గదిలోకి కొడుకును రానివ్వకూడదు.

"ఏటీ పర్లేదు బాబూ, నాను సూసుకుంటాను. గాలి పీల్చి బిగబట్టమని మీ భాషలో ఏటంటారో సెప్పు," అని అడిగి, అతను చెప్పింది తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను.

"మేం ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తాం మేడమ్. గొంతు ఎక్కడ లేపాలో, ఎక్కడ దించాలో మాత్రం రాయం. తేడా వస్తే అర్థమే మారిపోతుంది, కానీ మాకు అలవాటు," అన్నాడు.

నాకు అలవాటు లేదు కదా! అక్షరాల మీద పైకీ కిందికీ బాణాలు గీసుకుని, అతను ఔననేదాకా పాటలా పలికాను.

ఆవిడను లోపల నిలబెట్టి, అద్దం వెనక నుంచి మైకులో చదివాను. టక్కున బిగబట్టింది! కంప్యూటర్లో బొమ్మ అద్దంలా వచ్చింది. గర్వంగా దాన్నే చూస్తూ కూర్చున్నాను. తల తిప్పేసరికి ఆవిడ కళ్లు తేలేస్తోంది. వదలమనే మాట నేను రాసుకోనేలేదు!

పరుగున వెళ్లి, ఆవిడ ఎదుట నిలబడి, వేడి టీ ఊదినట్టు "ఉఫ్" అన్నాను. ఆవిడా "ఉఫ్" అంది. తర్వాత ఇద్దరం గోడ పట్టుకుని నవ్వాం.

నా ధీమా ఏమీ తగ్గలేదు. ఏ భాషవాళ్లొచ్చినా ఎక్స్‌రే తీసేస్తాను. కాకపోతే, ముందు వదలమనే మాట నేర్చుకుంటాను.

– పద్మ, గాజువాక